నోట్లో పన్ను లేని మా అత్తగారి పంటినొప్పి

సభకు అధ్యక్షత వహించిన మా ఫ్యాక్టరీ మేనేజరు గారికి, ఆయన పక్కన కూర్చుని ఇంతసేపూ నా గురించి మంచి మాటలు చెప్పి నన్ను ఇరుకున పెట్టిన యూనియన్ పెద్దాయనకి, నాకంటే ముందే రిటైరై నా వంతు ఎప్పుడొస్తుందా అని కళ్ళలో వత్తులేసుకుని కాచుకున్న పాత మిత్రులకి, వైండింగ్ సెక్షన్‌లో నా నోటి ధాటికి తట్టుకుని బతికి బట్టకట్టిన చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ, చివరగా, ముందు వరుసలో ఫ్యాను కింద కుర్చీని తనే వెతుక్కుని, అందులో అప్పటికే కూర్చున్న అకౌంటెంటు గారిని లేపి మరీ కూర్చున్న మా అత్తగారికి నా నమస్కారాలు.

ఇందాక మాట్లాడిన వాళ్ళందరూ నన్ను శాంతమూర్తి అన్నారు. అప్పుడు వైండింగ్ సెక్షన్ వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం నేను గమనించాను. (నవ్వులు) ఈ ఫ్యాక్టరీలో నన్ను అసలు పేరుతో పిలిచేది జీతాల విభాగం ఒక్కటే. మిగిలిన అందరికీ నేను సైరనక్కని. పంపు మోటార్లకు రాగి తీగ చుట్టే మిషన్లన్నీ ఒక్కసారిగా తిరుగుతున్నా సరే, ఆ మూల ఎవరైనా తీగ వదులుగా చుడుతుంటే ఈ మూల నుంచి నేను వేసే కేక వాళ్ళకి స్పష్టంగా వినపడేదట. వాళ్ళకే కాదు, గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డవాడు కూడా తననే తిడుతున్నానేమో అని ఉలిక్కిపడేవాడట. అలాంటి మనిషికి పోయే ముందు మైకు కూడా ఇచ్చారు. అనుభవించండి.

అనుభవాలు చెప్పమన్నారు. పంపుల గురించి చెబితే మీకు తెలిసిందే చెప్పినట్టవుతుంది కాబట్టి, ఈ ఫ్యాక్టరీలో అందరికీ తెలిసి కూడా ఎవరికీ తెలియనట్టు నటించే ఒక సంగతి చెబుతాను. క్యాంటీను గోడ మీద ఎండకు వెలిసిపోయిన నీలం పోస్టరు ఉంది కదా, ఉద్యోగులకూ వాళ్ళ కుటుంబసభ్యులకూ ఉచితంగా కౌన్సెలింగ్, మాట్లాడిందంతా గోప్యం అని రాసి ఉంటుంది, దాని గురించి. అదిగో, అప్పుడే సగంమంది తలలు దించుకున్నారు. భయపడకండి, నేను చెప్పేది నా ఇంటి కథే. మా అత్తగారి అనుమతి తీసుకునే చెబుతున్నాను. అందుకు ఆవిడ రెండు షరతులు పెట్టారు. తనను ముసలావిడ అనకూడదు. నాకంటే తనే తెలివైనదని సభాముఖంగా ఒప్పుకోవాలి. ఒప్పుకుంటున్నాను. (ముందు వరుస నుంచి: "ఇంకొంచెం గట్టిగా.") వినపడింది కదత్తయ్యా, మైకు ఉంది.

మేనేజరు గారు ఈ సౌకర్యం గురించి క్యాంటీనులో మొదటిసారి ప్రకటించిన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "మనసులో ఏదైనా బరువుంటే వెళ్ళి మాట్లాడుకోండి, మీతో పాటు మీ ఇంట్లోవాళ్ళు కూడా వెళ్ళొచ్చు. ఎంతమంది వచ్చారో మాకు చెబుతారు గానీ ఎవరొచ్చారో మాకు కూడా చెప్పరు" అన్నారు. మేమందరం మా కంచాలలోకి చూస్తూ ఉండిపోయాం. నా వెనకాల కూర్చున్న పెద్దమనిషి, "మనసులో ఉన్న బరువల్లా ఓవర్ టైమే, అది తీసేస్తే చాలు" అని గొణిగాడు. నేను మాత్రం గొణగలేదు. నాకు గొణగడం రాదు. "ఇది బుర్ర తిరిగినవాళ్ళకి కదండీ, మాకెందుకు" అని హాలంతా వినపడేలా అన్నాను. అందరూ నవ్వారు. అందరికీ పంచిన ఫోను నంబరు కార్డును టిఫిన్ సంచిలో పడేసి ఆ సంగతే మరిచిపోయాను. ఆ సంచి సాయంత్రం దులిపేది మా అత్తగారని అప్పుడు నాకు తట్టలేదు.

అప్పటికి మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. మీరందరూ వచ్చారు, నాకు గుర్తుంది. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి, ఎవరింట్లో ఏ మూల ఏ ఫ్రిజ్ మూలుగుతున్నా వెళ్ళేవారు. ఒక రాత్రి మామూలుగా పడుకుని మరి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. మా ఇంట్లో మిగిలింది మేమిద్దరమే, ఆయన్ని కన్న ఆవిడా, కట్టుకున్న నేనూ. మాకు పిల్లలు లేరు. బయటివాళ్ళు, "అత్తాకోడళ్ళిద్దరూ ఎంత ధైర్యంగా ఉన్నారో" అని మెచ్చుకునేవాళ్ళు. నిజమే, ధైర్యంగానే ఉన్నాం. కూరగాయల ధర దగ్గర నుంచి పక్కింటి పిల్లి ఈనడం దాకా అన్నీ మాట్లాడుకునేవాళ్ళం, ఒక్క ఆయన గురించి తప్ప.

అలా ఉండగా ఒక రోజు కరెంటు పోయి ఫ్యాక్టరీ మధ్యాహ్నమే మూసేశారు. ఇంటికి వెళ్ళేసరికి మా అత్తగారు మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, చేతిసంచి పట్టుకుని గుమ్మంలో ఎదురయ్యారు. నన్ను చూసి కొంచెం కంగారుపడ్డారు.

"ఎక్కడికత్తయ్యా?"

"పంటి డాక్టరు దగ్గరికి. నొప్పిగా ఉంది."

సభలో ఉన్న కొత్తవాళ్ళకు ఒక చిన్న వివరం చెప్పాలి. మా అత్తగారి నోట్లో అప్పటికే ఒక్క పన్ను కూడా లేదు. ఇప్పుడు మీకు కనిపిస్తున్న తళతళలాడే పలువరస ఈ మధ్యే చేయించుకున్నది. (నవ్వులు. ముందు వరుసలో ఆవిడ పలువరస చూపిస్తున్నారు.)

"పన్నెక్కడుందత్తయ్యా నొప్పి పుట్టడానికి?" అన్నాను.

"లేకపోతే నొప్పి రాదనుకున్నావా? లేనివే ఎక్కువ నొప్పి పెడతాయమ్మాయ్" అని గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయారు.

ఈవిడ ఏదో దాస్తోంది. నా దగ్గర. ఎక్కడో మోటారులో ఒక చుట్టు తప్పితే శబ్దాన్ని బట్టి పట్టేసే నా దగ్గర. ఇక నాకు అన్నం సహించలేదు. మరుసటి వారం అదే రోజున సెలవు పెట్టి, ఫ్యాక్టరీకి వెళ్తున్నట్టే బయలుదేరి, వీధి మలుపులో కాపుకాసి ఆవిడ వెనకాలే బస్సెక్కాను. ఆవిడ ముందు తలుపు దగ్గర, నేను వెనక తలుపు దగ్గర. బజారు మధ్యలో ఒక పాత మేడ ముందు దిగారు. కింద చెప్పుల కొట్టు, మొదటి అంతస్తులో నిజంగానే పంటి డాక్టరు. అయితే మా అత్తగారు పంటి డాక్టరు గుమ్మం దాటి, మెట్ల మలుపులో కాస్త ఆయాసం తీర్చుకుని, రెండో అంతస్తుకు వెళ్ళిపోయారు. అక్కడ తలుపు మీద ఉన్న బోర్డు రంగు మా క్యాంటీను గోడ మీది పోస్టరు రంగే.

నాకు అప్పుడు అర్థమైంది ఆ ఏడాది మన ఫ్యాక్టరీలో అంతమందికి పళ్ళు ఎందుకు పాడయ్యాయో. (చాలాసేపు నవ్వులు) సెలవు చీటీ రాసిన ప్రతివాడికీ పంటినొప్పే. మన క్యాంటీనువాళ్ళు అన్నంలో రాళ్ళు కలుపుతున్నారని యూనియన్ పెద్దాయన మేనేజరు గారితో గొడవ కూడా పెట్టుకున్నారు. క్యాంటీను వాళ్ళకు ఈ సభాముఖంగా న్యాయం జరగాలి.

సరే, ఆవిడ దిగేదాకా మెట్లు కనపడే చోట కూర్చోవాలి కదా. పంటి డాక్టరు గదిలోకి దూరి తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాను. పక్క కుర్చీలో మన మనిషే ఒకాయన, చెంపకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఎవరో చెప్పను. ఏ సెక్షనో కూడా చెప్పను.

(వెనక వరుస నుంచి ఒక గొంతు: "నేనేనక్కా. చెప్పు, ఏం ఫర్లేదు.")

చూశారా, ప్యాకింగ్ సెక్షన్ తమ్ముడు తనే చెప్పేశాడు. కూర్చో తమ్ముడూ, చప్పట్లు నీకే. (చప్పట్లు)

"పన్నా తమ్ముడూ?" అన్నాను.

"అవునక్కా, పన్నే. నీకూనా?"

"నాకూనూ."

ఇద్దరం అబద్ధాలు ఆడుకుని ఎదురుగోడ మీద ఉన్న పళ్ళ బొమ్మను శ్రద్ధగా చదువుతూ కూర్చున్నాం. ఇంతలో నర్సు వచ్చి, "తరవాత ఎవరండీ?" అంది. "అక్క ముందొచ్చింది" అన్నాడు తమ్ముడు. "లేదు, తమ్ముడికి నొప్పి ఎక్కువగా ఉంది" అన్నాను నేను. ఇలా మర్యాదలు పోతుంటే ఆ పిల్లకు విసుగొచ్చి నా రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. డాక్టరు నా నోరు తెరిపించి, చిన్న సుత్తితో ఒక్కొక్క పన్నునూ తట్టి, "బాగా సమయానికి వచ్చారమ్మా" అన్నాడు. వెనక దవడలో ఒకటి పుచ్చిపోయి ఉందట. నాకే తెలియదు. పీకేశాడు. నేను నోట్లో దూది కుక్కుకుని బయటపడేసరికి మెట్ల మీద మా అత్తగారూ లేరు, కుర్చీలో తమ్ముడూ లేడు.

ఇంటికి వెళ్తే మా అత్తగారు నా వాచిన బుగ్గను చూసి, "ఏమైందమ్మాయ్?" అన్నారు. దూది వల్ల నేను మాట్లాడలేకపోయాను. ఆవిడ కాసేపు నన్నలా చూసి, "పోనీలే, ఇల్లు ప్రశాంతంగా ఉంది" అని వెళ్ళి పడుకున్నారు.

దవడ వాపు తగ్గింది గానీ నా కుతూహలం తగ్గలేదు. ఆవిడ అక్కడ ఏం చెబుతోంది? నా గురించే అయ్యుంటుంది. కోడలి మీద ఫిర్యాదు చేసుకోవడానికి కోడలి ఉద్యోగం తాలూకు సౌకర్యాన్నే వాడుకుంటోందంటే, ఆ తెలివికి దణ్ణం పెట్టాలో ఏడవాలో తెలియలేదు. చివరికి ఫ్యాక్టరీలో పాత తీగల గుట్ట వెనక నిలబడి, పోస్టరు మీదున్న నంబరుకి ఫోను చేశాను. జలుబు చేసినట్టున్న ఒక ఆడగొంతు పలికింది.

"మా అత్తగారు మీ దగ్గరికి వస్తున్నారు కదండీ" అన్నాను.

"ఎవరు వస్తున్నారో ఎవరు రావడం లేదో నేను చెప్పకూడదండీ."

"నేను నా కళ్ళతో చూశాను."

"మీరు చూసింది మీకు తెలుసు. నేను మాత్రం చెప్పలేను."

"పోనీ, రావడం లేదని చెప్పండి."

"అదీ చెప్పలేనండీ."

"నా గురించి చెడ్డగా ఏమైనా అన్నారా? అవునంటే ఒకసారి దగ్గండి చాలు."

పాపం ఆవిడకి నిజంగానే జలుబు. అదే క్షణంలో దగ్గొచ్చింది. (నవ్వులు) "ఇది దగ్గేనండీ, జవాబు కాదు" అని కంగారుగా చెప్పి, తేరుకుని, "మీకోసం ఒక గంట కేటాయించమంటారా? మీరు మాట్లాడుకోవచ్చు, మీ గురించి" అంది. ఎదురుగా కూర్చుంటే నా నోటి ముందు ఎవరాగుతారు, ఎలాగైనా లాగేస్తాననుకుని, సరేనన్నాను.

రెండో అంతస్తులో చిన్న గది, ఫోనులో మాట్లాడినామెదే. రెండు కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త వాలుగా వేసి ఉన్నాయి, చూడాలనుకుంటే ఆమె ముఖం చూడొచ్చు, లేకపోతే కిటికీలోంచి చెప్పుల కొట్టు రేకులు చూసుకోవచ్చు. ఆమె నాకంటే చాలా చిన్నది. నేను దారిపొడవునా ప్రశ్నలు సిద్ధం చేసుకుని వెళ్ళాను, ముందు పొగడాలి, తరవాత జాలి చూపించాలి, ఆ తరవాత చటుక్కున అడగాలి. మొదలుపెట్టేలోపే ఆమె మామూలుగా, మంచినీళ్ళు ఇస్తూ అడిగినట్టుగా అడిగింది.

"ఇంట్లో ఎవరెవరుంటారండీ?"

"ముగ్గురం" అన్నాను.

(కొద్దిసేపు ఆగి) ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. సరిచేసుకుందామని నోరు తెరిచాను. నేను, మా అత్తగారు, అని అక్కడ ఆగిపోయాను. ఆమె తొందరపెట్టలేదు. అయ్యో అనలేదు. మిషన్లన్నిటినీ దాటి వినపడే నా గొంతు ఆ చిన్న గదిలో ఆమె దాకా కూడా పోలేదు. ఏడాదిగా ఎవరి ముందూ రాని ఏడుపు ముక్కూమొహం తెలియని ఆ పిల్ల ముందు వచ్చింది. చాలాసేపు ఏడ్చాక మొదట చెప్పింది ఏమిటో తెలుసా? ఫ్రిజ్ గురించి.

మా ఆయన పోవడానికి కొద్దిరోజుల ముందు మా ఫ్రిజ్ పాడైంది. ఊళ్ళోవాళ్ళవన్నీ అయ్యాక మనది చూస్తానని వాయిదా వేసి వేసి, చివరికి దాన్ని ముందుగది మధ్యకు లాగి, తలుపు ఊడదీసి గోడకు ఆనించి, వెనక రేకు సగం విప్పారు. అంతే, ఆ తరవాత ఆయన లేరు. ఆ ఫ్రిజ్ అలాగే ఉండిపోయింది. ఏడాదిగా మేమిద్దరం దాన్ని చుట్టి నడుస్తున్నాం. పొద్దున కొన్న పాలు మధ్యాహ్నానికి విరిగిపోతే మళ్ళీ కొంటున్నాం. కదిలిస్తే మా అత్తగారి గుండె పగులుతుందని నేను దాని మీద చెయ్యి వేయలేదు. మోటార్ల మధ్య జీవితం గడిపిన చెయ్యి ఇది.

"కదిలిస్తే బాధపడతానని ఆవిడ అన్నారా?" అని అడిగిందామె.

"అనలేదు."

"మీరు అడిగారా?"

"లేదు."

గూఢచారిగా వెళ్ళినదాన్ని, గుప్పిట్లో కన్నీళ్ళతో తడిసిన టిష్యూ కాగితాలు తప్ప ఒక్క రహస్యమూ లేకుండా మెట్లు దిగాను.

ఆ సాయంత్రం ఇంట్లో మా అత్తగారు ఫ్రిజ్ పక్కనే పీట వేసుకుని కూర్చుని బీన్స్ తుంచుతున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. "అత్తయ్యా, ఈ ఫ్రిజ్ సంగతి" అన్నాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"నువ్వు తట్టుకోగలవా?" అన్నారు.

"నేనా? నేను మీ గురించి భయపడుతున్నాను."

ఆవిడ నన్నూ ఫ్రిజ్‌నూ మార్చి మార్చి చూశారు. "నువ్వు ఏడుస్తావని నేనూ, నేను ఏడుస్తానని నువ్వూ. మధ్యలో పాలు విరుగుతున్నాయి" అన్నారు.

ఆదివారం పొద్దున్నే పనిలోకి దిగాం. ఆవిడ టార్చి పట్టుకున్నారు, నేను వెనక రేకు మొత్తం విప్పాను. లోపల కంప్రెసర్ మీద, దుమ్ములో, మా ఆయన కళ్ళజోడు ఉంది. అది కనపడటం లేదని ఆఖరి రోజుల్లో ఆయన ఇల్లంతా తలకిందులు చేశారు. నేను తీశానని తల్లితో చెప్పి, తల్లి తీసిందని నాతో చెప్పి, ఇద్దరినీ తిట్టుకున్నారు. మా అత్తగారు దాన్ని తీసుకుని తుడిచి, తన ముక్కు మీద పెట్టుకుని, "దీంట్లోంచి చూస్తే వాడికి ఏం కనపడేదో, ఫ్రిజ్‌ని ఇలా చేశాడు" అన్నారు. మేం నవ్వడం మొదలుపెట్టాం. నేల మీద చతికిలబడి, ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. ఎప్పుడు ఏడుపుగా మారిందో తెలియదు, మళ్ళీ ఎప్పుడు నవ్వయిందో కూడా తెలియదు. ఆ రోజంతా ఆయన గురించే మాట్లాడుకున్నాం. చిన్నప్పుడు గోడ గడియారం విప్పి మళ్ళీ బిగిస్తే ముల్లు వెనక్కి తిరిగిందట. అంతకాలం కాపురం చేసినా ఆ సంగతి నాకు తెలియదు.

కంప్రెసర్‌ను నడిపించే రిలే అనే చిన్న ముక్క కాలిపోయి ఉంటే, అది మార్చేసరికి ఫ్రిజ్ నడిచింది. నడుస్తోంది గానీ లారీ ఎక్కినట్టు మోత. "వాడి పని ఎప్పుడూ ఇంతే" అన్నారు మా అత్తగారు, ఎంతో గర్వంగా. రిలే మార్చింది నేను. అయినా ఒప్పుకున్నాను.

ఆ తరవాత కూడా మేమిద్దరం అక్కడికి వెళ్ళేవాళ్ళం, వేరు వేరు రోజుల్లో. ఒకసారి మాత్రం వేళలు కలిసిపోయి మెట్ల మలుపులో ఎదురుపడ్డాం. "పన్నా?" అన్నాను. "పన్నే" అన్నారు. ఎవరి దారిన వాళ్ళం పోయాం. ఆవిడ అక్కడ ఏం చెప్పుకునేవారో నాకు ఈ రోజుకీ తెలియదు. కూపీ లాగడంలో నన్ను మించినవాళ్ళు లేరని పేరున్న నేను ఓడిపోయాను. ఓడిపోయినందుకు సంతోషంగా ఉంది. అక్కడ నేను చెప్పుకున్నవి కూడా అంతే భద్రంగా ఉన్నాయని కదా దానర్థం.

అందుచేత, తల దించుకున్న నా తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆ రోజు క్యాంటీనులో "బుర్ర తిరిగినవాళ్ళకి" అని నేనన్న మాట విని ఎవరైనా వెనక్కి తగ్గి ఉంటే, సైరన్ తప్పుగా మోగిందనుకోండి. వెళ్ళండి. మీ ఇంట్లోవాళ్ళను పంపండి. అమ్మను, తమ్ముడిని, అలిగిన భార్యను, అలగడం కూడా మానేసిన భర్తను. పంటినొప్పి అని చెప్పి వెళ్ళినా సరే.

మేనేజరు గారూ, ఒక సందేహం. ఉద్యోగం అయిపోయాక ఈ సౌకర్యం ఇంకా ఎంతకాలం ఉంటుందండీ? అడుగుతున్నది నేను కాదు, ముందు వరుస. (మేనేజరు గారు మైకు అందుకుని: "ఇంకో ఏడాది ఉంటుందమ్మా, ఇద్దరికీ." చప్పట్లు) విన్నారా అత్తయ్యా? ఆవిడ ముఖం చూడండి, ఈ పూలగుత్తి ఇచ్చినప్పుడు కూడా అంత వెలగలేదు.

ఈ ఫ్యాక్టరీ నాకు అన్నం పెట్టింది, అరవడానికి చోటిచ్చింది. నన్ను భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క కృతజ్ఞత మిగిలింది, అది ఎలా చెప్పాలో తెలియక ఇందాకటి నుంచీ తడబడుతున్నాను. ఆ చిన్న గదిలోని ఆమె మొదటి రోజే నాకొక మాట చెప్పింది. "బయట ఎక్కడైనా కనపడితే నేను మిమ్మల్ని పలకరించనండీ. మీరు పలకరిస్తేనే పలుకుతాను. లేకపోతే మనం ఎన్నడూ కలవని వాళ్ళమే" అంది. సభకు రమ్మని కబురు పంపాను. ఆమె వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. వచ్చి ఉంటే, నేను ఆమె వైపు చూస్తే మీరందరూ అటే చూస్తారు. అందుకని ఎవరి వైపూ చూడకుండా, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ, ఈ ఒక్క నమస్కారం పెడుతున్నాను. ఎవరికి చెందాలో వాళ్ళే తీసుకోండి.

ఇక సెలవు.